కూతురు కొరికిన రొట్టె

ఆగండి, ఆగండి! చేతిలో పని పక్కన పెట్టి ఇలా కూర్చోండి. కిర్గిజ్ దేశంలో, బిష్కెక్ ఊరి చివర, కొండలకెదురుగా ఉండే వీధిలో జోల్దోష్ అనే మంచి మనిషి ఒక రొట్టె తిన్నాడు. రొట్టె తింటే అందులో వినడానికేముంది అంటారా? గొడవంతా అక్కడే ఉంది. అది ఆయన తినాల్సిన రొట్టె కాదు.

అక్కడ ఎవరైనా పెద్ద పని మీద గడప దాటుతుంటే, సైన్యానికైనా సరే, పరీక్షకైనా సరే, ముందు వాళ్ల చేత రొట్టె కొరికిస్తారు. ఒక్క కొరుకే. మిగతాది గుడ్డలో చుట్టి దాస్తారు. వెళ్లినవాళ్లు క్షేమంగా తిరిగొచ్చి, తమ రొట్టె తామే తినాలి. ఈలోగా దాన్ని ఎలుక కూడా తాకకూడదు. మనిషి తాకుతాడన్న ఆలోచన ఎవరికీ రాదు కాబట్టి, తాకొద్దని ఎవరూ ఎవరికీ చెప్పరు.

ఆ పొద్దున జోల్దోష్ కూతురు నూరిజాకి సైనిక విద్యాలయం ప్రవేశ పరీక్ష. చూడ్డానికి పుల్లలా ఉంటుంది గానీ, మూడు చలికాలాలుగా తండ్రి పాత బూట్లలో దూది కుక్కుకుని కాలవ గట్టు మీద పరుగులు తీస్తున్న పిల్ల. ఈ ఏడు పోతే వయసు దాటిపోతుంది, ఇక అంతే. తెల్లవారగానే పరుగు పందెం, మధ్యాహ్నం లోపు ఇంటర్వ్యూ. ఇంకా పద్దెనిమిది నిండలేదు కనక తల్లో తండ్రో ఒకరు, ఓ కల్నల్ పెద్దగా ఉండే ఎంపిక కమిషన్ ముందుకొచ్చి తమకు ఇష్టమేనని నోటితో చెప్పాలి. తల్లి ఉల్కాన్‌ని పంపితే కల్నల్‌కి నూరిజా పురుటి నొప్పుల దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. అందుకని ఆ పని తండ్రి మీద పడింది.

జోల్దోష్ బస్సుల షెడ్డులో మెకానిక్. ఎంత పెద్ద ఇంజన్‌కైనా భయపడడు గానీ, యూనిఫాం చూస్తే చాలు, నోరెండిపోతుంది. ట్రాఫిక్ పోలీసు ఈల వేస్తే, తాను నడిచి వెళ్తున్నా సరే, ఆగి చేతులు పైకెత్తే రకం.

"నాన్నా, నువ్వు అనాల్సింది ఒకే ఒక్క మాట. ఏదీ, అను," అంది నూరిజా తలుపు దగ్గర లేసులు కట్టుకుంటూ.

"మా అమ్మాయి చేరడం మాకు ఇష్టమే, కల్నల్ గారూ."

"గొంతు వణుకుతోంది."

"ఇష్టం వణకట్లేదమ్మా, గొంతొక్కటే."

"అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకు. జోకులొద్దు. నా చిన్నప్పటి కబుర్లొద్దు. ఎండలు బాగున్నాయని కూడా అనకు. అమ్మానాన్నలు వాగితే పిల్లలకి మార్కులు పోతాయట."

"నా నోట్లోంచి గాలి కూడా బయటికి రాదు, సరేనా?" అని మాటిచ్చి, ఆయన టై వెతుక్కోవడానికి లోపలి గదిలోకి వెళ్లాడు. వంటింట్లోంచి ఉల్కాన్ గొంతు వినబడింది: "కొరుకు తల్లీ, ఇంకాస్త గట్టిగా కొరుకు!" తలుపు మూసుకుంది, నూరిజా వెళ్లిపోయింది. కాసేపటికి ఉల్కాన్ కూడా తాను వంట చేసే పిల్లల బడికి పరుగెత్తింది. ఇంట్లో మిగిలింది జోల్దోష్, టీ, బల్ల మీద గుడ్డలో ఓ రొట్టె.

అద్దంలో చూసుకుంటూ, "మా అమ్మాయి చేరడం..." అన్నాడు. ఒక గుక్క టీ తాగాడు. "మాకు ఇష్టమే..." అన్నాడు. చెయ్యి దాని పాటికది బల్ల మీదికి పోయింది. భయమేస్తే ఆయనకి ఏదో ఒకటి నమలాలి. ఆప్రికాట్ జామ్ అద్దుకున్నాడు, మీగడ అద్దుకున్నాడు, "కల్నల్ గారూ" దగ్గర గొంతు సవరించుకున్నాడు, మళ్లీ మొదలుపెట్టాడు. మాట నున్నగా వచ్చేసరికి చేతిలో మిగిలింది చివరి ముక్క. దాని అంచున అర్ధచంద్రంలా పంటి గాటు.

గాటు కాస్త పెద్దదే. పాపం, పరీక్ష ఆకలి అనుకున్నాడు. అనుకున్నాక అర్థమైంది. అర్థమయ్యేసరికి అది కూడా మింగేశాడు.

జోల్దోష్ అలాగే కుర్చీలో కూలబడ్డాడు. కాళ్లలో చమురు అయిపోయినట్టుంది. కూతురు తిరిగొచ్చి తినాల్సిన రొట్టె తండ్రి కడుపులో ఉంది. పిల్ల పరుగులో కాలు బెణికి పడితే? ఇంటర్వ్యూలో నోరు పెగలకపోతే? అసలు ఇంటికే రాకపోతే? అన్నిటికంటే ముందు, ఉల్కాన్ ఇంటికొస్తే?

పరుగు పరుగున వీధి మలుపులో తందూరు దగ్గరికి పోయాడు. రొట్టెలు కాల్చే రోజీఖాన్ పిండి చేతులతో నుదురు తుడుచుకుంటూ, "ఏంటన్నా, దయ్యాన్ని చూసినట్టు ఆ మొహమేంటి?" అంది.

"చెల్లెమ్మా, మా ఇంటి రొట్టెలాంటిది ఒకటియ్యి. అచ్చం అలాగే ఉండాలి."

"మీ ఆవిడ కాల్చే రొట్టె నేనెప్పుడు చూశాను? మీ ఇంట్లో రొట్టె లేదా? ఇవాళ పిల్ల పరీక్ష కదా, కొరికించి ఉంటారే!" ఆయన మొహం చూసి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అన్నా! కొంపదీసి కూతురు కొరికిన రొట్టె తిన్నావా?"

"గట్టిగా అనకే తల్లీ!"

"జామ్‌తోనా?"

"మీగడతో కూడా."

ఆ దారిన పోయే ఆడవాళ్లు ఇద్దరు ఆగి, ఏంటి ఏంటి అన్నారు. రోజీఖాన్ గొంతు తగ్గించి, "ఇంకా మించిపోలేదు. పిల్ల అక్కడ పని ముగించుకుని బయటికి రాకముందే కొత్త రొట్టె కొరికించు. వచ్చేశాక కొరికితే లెక్కలోకి రాదు. ఇదిగో, వేడిది. పరుగెత్తు!" అంది. ఆమెకీ భయం వేసినట్టుంది, డబ్బులు కూడా తీసుకోలేదు. దాంతో జోల్దోష్ భయం రెండింతలైంది.

సైనిక విద్యాలయం గేటు దగ్గర తుపాకీతో ఓ కుర్ర సిపాయి నిలబడ్డాడు. నూరిజా ఫోను గేటు దగ్గరే తీసేసుకున్నారు, కాబట్టి పిలవడానికి వీల్లేదు. లోపలికి పోవాల్సిందే.

"బాబాయ్, ఆ మూటలో ఏంటి?"

"రొట్టె బాబూ. మా అమ్మాయికి."

"బయటి తిండి లోపలికి రానివ్వం." అంటూనే సిపాయి ముక్కు పైకెత్తి గాలి పీల్చాడు. "తందూరుదా?"

జోల్దోష్ అలవాటు కొద్దీ ఓ ఘోరం చేశాడు. రొట్టె పట్టుకున్నవాడు ఎదుటివాడికి చూపించి ఊరుకోకూడదు, ఎదుటివాడు వద్దనకూడదు. పుట్టినప్పట్నుంచి వాళ్లిద్దరికీ నేర్పింది అదే. "రుచి చూడు నాయనా," అన్నాడు. అన్నాక నాలుక కొరుక్కున్నాడు. సిపాయి అటూ ఇటూ చూసి ఒక్క కొరుకు కొరికి, కళ్లు మూసుకుని, "మాది నారిన్ కొండల ఊరు బాబాయ్. మా అమ్మ గుర్తొచ్చింది. వెళ్లండి," అన్నాడు.

రొట్టె మీద ముందే ఒకడి పంటి గాటు పడింది! పోనీలే, ఇంకా చాలా జాగా ఉంది, అవతలి వైపు పిల్ల చేత కొరికిద్దాం అనుకుంటూ జోల్దోష్ వసారాలోకి అడుగుపెట్టాడు. అక్కడ గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది: కమిషన్ వారికి కానుకలు, తినుబండారాలు ఇవ్వజూపిన తల్లిదండ్రుల పిల్లల్ని అక్కడికక్కడే పరీక్ష నుంచి తొలగిస్తాం.

చదివాడు. మళ్లీ చదివాడు. చేతిలో రొట్టె బాంబులా బరువెక్కింది. బెంచీల మీద కూర్చున్న తల్లిదండ్రులంతా తననే చూస్తున్నట్టుంది. పొడుగ్గా ఉండే తన తెల్లటి కల్పాక్ టోపీ తీసి, రొట్టె నెత్తిన పెట్టి, మీద టోపీ దించేశాడు. తందూరులోంచి తీసిన రొట్టె కదా, నడినెత్తి చుర్రుమంది. కన్నీళ్లొచ్చాయి. పక్కనున్న ముసలాయన జాలిగా, "ఏడవకు తమ్ముడూ, మావాడు కూడా పోయినేడాది తప్పాడు," అన్నాడు.

అప్పుడే ఆ వైపు ఓ మేజర్ వచ్చాడు. మామూలుగా నడిచిపోతున్నవాడు జోల్దోష్ ముందు ఆగాడు.

"టోపీ కింద ఏముంది?"

"తల, సార్."

"తల పొగలు కక్కుతోందేం?"

మేజర్ తానే టోపీ ఎత్తాడు. "ఓహో. కానుకా? లోపల ఏం దాచావు, బంగారమా?" అని రొట్టెని బల్ల మీద బోర్లా పెట్టాడు. రొట్టెని బోర్లా పెట్టడమే! జోల్దోష్ చెయ్యి దాని పాటికది ముందుకెళ్లి రొట్టెని తిప్పబోయింది.

"చెయ్యి తియ్!"

"బోర్లా పెట్టకూడదు సార్, పాపం..."

"పాపం సంగతి తర్వాత చూద్దాం!" అని మేజర్ రొట్టెని సగానికి విరిచాడు. ఒక సగాన్ని ముక్కలు చేశాడు. ప్రతి ముక్కా వెలుగులో పట్టుకుని చూశాడు. లోపల ఏమీ లేదు, ఆవిరి తప్ప. ఇప్పుడొచ్చింది మేజర్‌కి చిక్కు. విరిచిన రొట్టెని పారెయ్యలేడు, అది ఆయన చేత కూడా కాని పని. వదిలేసి పోలేడు, ఇంతమంది చూస్తున్నారు. గొంతు సవరించుకుని ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు, పక్కనున్న ముసలాయనకి ఒకటిచ్చాడు, ఆయన పక్కావిడకి ఇచ్చాడు. చూస్తుండగానే సాక్ష్యం సగం మాయమైపోయింది.

"నీ పేరు రాసుకున్నాను. లోపల కల్నల్ గారే తేలుస్తారు," అన్నాడు మేజర్ నములుతూ. "రొట్టె బాగుంది."

తలుపు తెరుచుకుంది. "నూరిజా తండ్రి!"

సగం రొట్టె గుండెకి హత్తుకుని జోల్దోష్ లోపలికి వెళ్లాడు. పొడుగాటి బల్ల వెనక కల్నల్ దూలొతొవ్, అటొకరు ఇటొకరు కమిషన్ సభ్యులు. కల్నల్ మీసాలు గుర్రపు జూలులా ఉన్నాయి. గది మధ్యలో నూరిజా నిటారుగా నిలబడి ఉంది. కాలు బెణకలేదు, బతికే ఉంది. తండ్రి నెత్తి మీది రొట్టె పొడిని, చేతిలోని రొట్టెని చూసింది. ఆ పిల్ల ఒళ్లు కదల్లేదు గానీ కళ్లు మాత్రం "నాన్నా, ఏం చేశావ్?" అని అరిచాయి.

"తండ్రిగా మీకు ఇష్టమేనా?" అన్నాడు కల్నల్.

ఎన్నిసార్లు వల్లించాడు! అద్దం ముందు, బస్సులో, టోపీ కింద మాడిపోతూ. ఆ ఒక్క మాటా గొంతుదాకా వచ్చి అడ్డం తిరిగింది. దాని బదులు నిజం బయటికొచ్చింది.

"నేను తినేశాను, కల్నల్ గారూ."

కల్నల్ పెన్ను కింద పెట్టాడు. "ఏం తిన్నారు?"

"అమ్మాయి కొరికి వెళ్లిన రొట్టె. చూసుకోలేదు. మీ భయంతోనే తిన్నాను. ఇది వేరేది, కానుక కాదు, మీ మీద ఒట్టు! పిల్ల ఒక్కసారి కొరికితే చాలు, నేను వెళ్లిపోతాను. కొరకమ్మా! మా తల్లివి కదూ, ఒక్క కొరుకు!"

కల్నల్ మెల్లగా లేచి నిలబడ్డాడు. కల్నల్ బల్ల చుట్టూ తిరిగొచ్చి, చాలా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"మొత్తం తిన్నారా?"

"గాటుతో సహా."

కల్నల్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. సరిహద్దులో ఏళ్ల తరబడి కాపలా కాసిన మనిషి మొహంలో రంగు మారింది. నూరిజా వైపు తిరిగాడు. "అభ్యర్థీ! రొట్టె కొరుకు. ఇది నా ఆజ్ఞ."

నూరిజా గడ్డం పైకెత్తింది. గొంతు వణికింది గానీ మాట వణకలేదు. "కొరకలేను, కల్నల్ గారూ. ఇంటర్వ్యూ అయ్యేదాకా అభ్యర్థి ఇంటివాళ్ల దగ్గర ఏమీ తీసుకోకూడదు. ఇదిగో, ఈ గది గోడ మీద మీ సంతకంతోనే ఉంది."

అంతే, అయిపోయింది అనుకున్నాడు జోల్దోష్. మూడు చలికాలాల పరుగు, దూది కుక్కిన బూట్లు, అన్నీ ఈ సగం రొట్టె కింద పడి పోయాయి. కమిషన్ సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కల్నల్ మీసం ఒక వైపు కదిలింది.

"నా ఆజ్ఞకి ఎదురు చెప్పింది, నా నియమం కోసం," అన్నాడు సభ్యులతో. "రాసుకోండి. తండ్రికి ఇష్టమేనని కూడా రాయండి. ఇష్టం లేనివాడు రొట్టె నెత్తిన పెట్టుకుని రాడు." తర్వాత జోల్దోష్ చేతిలోని రొట్టె వైపు చూశాడు. "ఈ సాయంత్రం నేను సరిహద్దు కొండలకి బయల్దేరుతున్నా. మా అమ్మ పోయాక నా రొట్టె దాచేవాళ్లు లేరు." అని వంగి, జోల్దోష్ చేతిలో ఉండగానే రొట్టెని ఒక్క కొరుకు కొరికాడు. కొరుకంటే కొరుకు కాదు, గుర్రం కొరికినట్టు కొరికాడు. "ఆదివారం మీ ఇంటికొచ్చి తింటాను. సోమవారం గేటు దగ్గర ఎంపికైనవాళ్ల పేర్లు అంటిస్తాం. జాగ్రత్తగా దాచండి."

"మా అమ్మాయి చేరడం మాకు ఇష్టమే, కల్నల్ గారూ!" అన్నాడు జోల్దోష్ హఠాత్తుగా. అప్పటికే ఆయన్ని బయటికి పంపి తలుపు మూసేశారు. ఆ మాట గేటు దగ్గరి సిపాయికి చెప్పి ఇంటికొచ్చాడు.

ఇంట్లో ఉల్కాన్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "ఏవయ్యా, బల్ల మీది రొట్టె ఏది?"

జోల్దోష్ గోడకానుకున్నాడు. "ఉల్కాన్... నన్ను చంపెయ్. పిల్ల కొరికిన రొట్టె..."

"పిల్ల కొరికిన రొట్టా? అది పెట్టెలో ఉందయ్యా!" అని ఆవిడ పెట్టె మూత తీసింది. తెల్లటి గుడ్డలో గుండ్రటి రొట్టె, అంచున పిచ్చుక పొడిచినట్టు చిన్న గాటు. "బల్ల మీదిది నేను కొరికింది. పనికి టైమైపోయిందని ఒక్క కొరుకు కొరికి వదిలేశా, సాయంత్రం తిందామని. అది కూడా మింగేశావా? తిండిపోతు మనిషీ!"

జోల్దోష్ ఏడవాలో నవ్వాలో తెలియక ఎక్కిళ్లు పెట్టాడు. అంటే, కల్నల్ ముందు ఒప్పుకున్న తప్పు చెయ్యని తప్పన్నమాట! వీధివీధంతా, సైన్యం సగం, ఎక్కడికీ పోని రొట్టె కోసం వణికిపోయిందన్నమాట! ఈ మాట ఉల్కాన్‌కి చెబితే? చెబితే కమిషన్ ముందు తన పరువు ఎలా తీసుకున్నాడో అదీ చెప్పాలి. సాయంత్రం నూరిజా కూడా తండ్రిని వాకిట్లోనే ఆపి, "అమ్మకి చెప్పకు నాన్నా, సోమవారం దాకా చెప్పకు, కొట్టేస్తుంది," అంది. "నువ్వూ చెప్పకు," అన్నాడు ఆయన. ఇద్దరూ కలిసి కల్నల్ రొట్టెని కట్టెల కొట్టంలో మేకుకి తగిలించారు.

ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో జీపు ఆగింది. ఇంకా టైముందనుకుంటున్న జోల్దోష్ కిటికీలోంచి చూసేసరికి, మీసాల మీద కొండల దుమ్ముతో కల్నల్ దూలొతొవ్ దిగుతున్నాడు.

"భయపడకండి, నేను కానుక తీసుకోను. నాది నేను తిని పోతాను. ఏది, నా రొట్టె?" అని గుమ్మంలోంచే కేకేశాడు.

జోల్దోష్ కట్టెల కొట్టంలోకి దూకాడు. మేకు ఉంది. మేకు కింద కోళ్లు ఉన్నాయి. వెనకాలే ఉల్కాన్ వచ్చి, "ఎందుకు కంగారు? ఆ ఎండు రొట్టేనా? ఆ గాటు చూసి నువ్వే కొరికి దాచుకున్నావనుకున్నా. పొద్దున్నే కోళ్లకి వేసేశా," అంది. భర్త మొహం చూసి, "ఎవరిదయ్యా అది?" అని మెల్లగా అడిగింది. చెప్పాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఉల్కాన్‌కి నోట మాట రాకపోవడం అదే మొదలు.

లోపల నూరిజా కల్నల్‌కి కుర్చీ వేసి, నిటారుగా నిలబడింది. పేర్లు అంటించేది రేపే. "మా అమ్మ ఉన్నప్పుడు ఒక్క రొట్టె కూడా పోలేదు తెలుసా?" అంటున్నాడు కల్నల్. ఇంట్లో కొరికిన రొట్టె ఇంకొక్కటే ఉంది. పేర్లు వచ్చాకే తింటానని నూరిజా దాన్ని పెట్టెలోనే ఉంచింది. దాని మీది గాటు పిచ్చుకది, ఆయన నోరేమో గుర్రానిది. నిజం ఇంకోసారి చెబుదామంటే, పోయినసారి చెప్పిన నిజమే అబద్ధమైపోయింది.

కల్నల్ చేతులు కడుక్కుని, బల్ల ముందు కూర్చుని ఎదురు చూస్తున్నాడు. మీరైతే ఏం చేస్తారు?